ఎవరి కింద ఎవరు

బ్రేకమ్మకి లిఫ్టుల విషయంలో ఏనాడూ అనుమానం రాలేదు. మనిషి లిఫ్టులో ఉన్నాడా, లిఫ్టు మీద ఉన్నాడా, లిఫ్టు కింద ఉన్నాడా అని నిద్రలో లేపి అడిగినా ఠక్కున చెప్పేస్తుంది. లోపల ఉన్నవాడు ఎక్కి దిగేవాడు. నెత్తి మీద ఉన్నవాడు రిపేరు చేసేవాడు. అడుగున గుంతలో ఉన్నవాడు ఆవిడ మొగుడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి తారుమారైనా ఒక ప్రాణం పోతుంది కాబట్టి, తారుమారు చేసే అలవాటే ఆవిడకి లేదు. ఇప్పుడొచ్చిన చిక్కు లిఫ్టులతో కాదు, మనుషులతో. ఎవరు ఎవరి దగ్గర, ఎవరి కింద, ఎవరితో పనిచేస్తున్నారో ఇంగ్లీషులో చెప్పమంటున్నారు.

బ్రేకమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. లిఫ్టులు బాగుచేసే కాంట్రాక్టరు గారి షాపులో పనివాళ్లు పెట్టారు. పెళ్లైన కొత్తలో మొగుడికి క్యారేజీ పట్టుకెళ్లిన రోజున, అతని హెల్పరు చెప్పాపెట్టకుండా పని మానేశాడు. "కాసేపు ఈ టార్చి పట్టుకో" అన్నాడు మొగుడు. ఆ కాసేపు ఇంకా అవలేదు. టార్చి నుంచి పానాలకి, పానాల నుంచి వైర్లకి, వైర్ల నుంచి మెషీన్ రూముకి ఎక్కింది. మెషీన్ రూమంటే బిల్డింగు నెత్తి మీద ఉండే చిన్న గది. మోటారు అక్కడే, మెయిన్ స్విచ్ అక్కడే, లిఫ్టుని చేత్తో అంగుళం అంగుళం కదిపే చక్రం అక్కడే. ఉక్కు తాళ్లు ఆ గది నేలలోని కన్నాల్లోంచే కిందికి దిగుతాయి. మొగుడు కింద చీకట్లో ఉంటాడు, ఆవిడ పైన స్విచ్ దగ్గర ఉంటుంది. అతను "పైకి" అని అరుస్తాడు. ఆవిడ "పైకి" అని తిరిగి అరిచి, అప్పుడు కదుపుతుంది. వినపడకపోతే కదపదు. సగం వినపడినా కదపదు. కింద నుంచి అతను "చెవిటిదానా, పైకి అన్నాగా!" అని గోల పెట్టినా, ఆ గోలలో "పైకి" అన్న మాట శుభ్రంగా వినపడేదాకా చక్రం మీద చెయ్యి వెయ్యదు. అందుకే బ్రేకమ్మ.

అలా బండి సాఫీగా నడుస్తుండగా కాంట్రాక్టరు గారికి మోకాళ్లు అరిగిపోయి షాపు మూసేస్తానన్నారు. అదే సమయంలో ఊరవతల లేచిన పెద్ద పెద్ద టవర్ల లిఫ్టులు చూసుకోవడానికి ఒక కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని తెలిసింది. మొగుడు ఇద్దరికీ దరఖాస్తు పెట్టేశాడు. తనకి మెకానిక్ అనీ, పెళ్లానికి హెల్పరనీ రాశాడు. ఆవిణ్ని అడగనైనా అడగలేదు.

ఆ కంపెనీలో హెల్పరంటే ఏమిటో కాంట్రాక్టరు గారే చెప్పారు. పానాల సంచి మొయ్యాలి. లిఫ్టు తలుపు ముందు పసుపు బోర్డు పెట్టి, ఎవరూ దగ్గరికి రాకుండా నిలబడాలి. మెషీన్ రూము గడప తొక్కకూడదు. అది విన్నాక బ్రేకమ్మకి అన్నం సయించలేదు. బోర్డు పక్కన ఇంకో బోర్డులా నిలబడటానికా ఇన్నేళ్లు గ్రీజులో మునిగింది?

ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే అన్నారు. నాలుగు భాషల మనుషులు అక్కడ వాకీటాకీల్లో మాట్లాడుకుంటారట, అందరికీ అర్థమయ్యేది అదొక్కటేనట. అదృష్టం కొద్దీ మొగుడి చెల్లెలు ఇంగ్లీషు నేర్పే సెంటర్లో టీచరు. పిలిచిందే తడవుగా వచ్చి, డైనింగ్ టేబుల్ మీద ఉల్లిపాయలు పక్కకి జరిపి కూర్చుంది.

"నీ పని గురించి ఒక్క ముక్క చెప్పు వదినా."

"ఐ వర్క్ నియర్ మై హస్బెండ్" అంది బ్రేకమ్మ, ఏ బెరుకూ లేకుండా.

ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. "నియర్ ఏంటి? ఆయన పక్కన కుర్చీ వేసుక్కూర్చుంటావా?"

"ఆయన దగ్గరే కదా పనిచేసేది! దగ్గరంటే నియర్ అని నువ్వేగా చెప్పావ్?"

"అది బస్టాండు దగ్గర అన్నప్పుడు. మనుషులకి అది పనికిరాదు."

"మరి కాంట్రాక్టరు గారి దగ్గర?"

"ఫర్."

"షాపు దగ్గర?"

"ఎట్."

"లిఫ్టుల దగ్గర?"

"ఆన్."

"ఒక్క దగ్గరకి ఇన్ని ముక్కలా! తీరిక ఎక్కువైతే ఇలాంటివే పుడతాయి" అంటూనే బ్రేకమ్మ వాటిని గుర్తుపెట్టుకుంది. ఏ వైరు ఎక్కడికి పోతుందో ఒకసారి చూస్తే చాలు ఆవిడకి. ఎట్ షాపుకి, ఫర్ యజమానికి, ఆన్ లిఫ్టులకి అని మనసులో ముళ్లు వేసేసుకుంది.

మొగుడు మాత్రం అన్నీ వచ్చన్నట్టు కాలు మీద కాలేసుకున్నాడు. "ఐ వర్క్ ఇన్ లిఫ్ట్!" అన్నాడు, సింహంలా.

"ఇన్ లిఫ్ట్ అంటే లోపల స్టూలేసుకుని బటన్లు నొక్కేవాడివి అన్నయ్యా. ఆన్ లిఫ్ట్స్ అను."

"ఆన్ అంటే మీద కదే? నేను మీదకే కాదు, కిందికి కూడా దిగుతాను. ఆన్ ఒక్కటీ చెబితే సగం పని మింగేసినట్టు."

"నువ్వెక్కడ నిలబడ్డావో ఎవడడిగాడు? దేని పని చేస్తావని అడుగుతారు."

"నిలబడ్డ చోటు చెప్పకపోతే ఆ పనిలో చస్తారు" అన్నాడతను.

కాసేపయ్యాక ఆడపడుచు అసలు సంగతికి వచ్చింది. "చూడు వదినా, మనం మనిషి పేరు ముందు చెప్పేసి, ఆ తర్వాత తీరిగ్గా దగ్గరో, కిందో, తోనో తగిలించుకుంటాం. ఇంగ్లీషులో ఆ ఆటలు సాగవు. పేరెత్తకముందే వాళ్లతో నీకేంటో తేల్చుకోవాలి. ఇప్పుడు చెప్పు, అన్నయ్య ముందు ఏం పెడతావు?"

బ్రేకమ్మ ఒక ఉల్లిపాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది.

"అండర్!" అని మొగుడే అందుకున్నాడు. "ఐ వర్క్ అండర్ మై హస్బెండ్. అంతే. దీనికింత ఆలోచనెందుకు?"

"విత్ అని కూడా ఒకటుంది అన్నయ్యా. కలిసి పనిచేస్తున్నామని."

"విత్తూ లేదు, గిత్తూ లేదు. దరఖాస్తులో హెల్పరని రాశాం. అక్కడికెళ్లి విత్ అంటే, ఏదో ఒకటి అబద్ధం అనుకుంటారు. ఇద్దరికీ ఒకేచోట పని దొరుకుతుంటే ఇప్పుడు పేచీలు పెట్టుకుంటామా? ఆడమనిషిని మెకానిక్‌గా పెట్టుకోవాలా వద్దా అని వాళ్లు తల గోక్కునే లోపల ఉన్నది కాస్తా ఊడుతుంది."

"మరి మీరు గుంతలోకి దిగినప్పుడు పైన ఎవరుంటారు?" అనడిగింది బ్రేకమ్మ.

"వాళ్ల మనిషి ఎవడో ఒకడుంటాడు."

"ఎవడో ఒకడు!" అని ఆవిడ ఉల్లిపాయల గిన్నె విసురుగా లాక్కుని కత్తిపీట ముందు కూర్చుంది. మొగుడి మీద పీకలదాకా కోపం వచ్చింది. తనని హెల్పరన్నందుకు కొంత, తన చోట ఎవడో ఒకడు చాలన్నందుకు బోలెడంత. కళ్ల నీళ్లకి ఉల్లిపాయలు మంచి సాకు దొరికాయి. అండర్ అననే అనను, విత్ అనే అంటాను, ఉద్యోగం వస్తే రానీ పోతే పోనీ అని అక్కడే గట్టిగా అనేసుకుంది.

ఇంటర్వ్యూ రోజున ఇద్దరూ ఇస్త్రీ బట్టల్లో కంపెనీ ఆఫీసుకి వెళ్లారు. పైకి లిఫ్టులో వెళ్తున్నంతసేపూ ఇద్దరికిద్దరూ చెవులు రిక్కించి దాని మోత విన్నారు. "రోలర్లు అరిగాయి" అన్నాడతను. "ఎడమ వైపువి" అంది ఆవిడ. వాళ్ల మధ్య మాటలు లేని రోజుల్లో కూడా ఇలాంటివి మాత్రం ఆగవు.

ముందు బ్రేకమ్మనే పిలిచారు. లోపల ఇద్దరున్నారు. ఒకాయన బట్టతల ఆఫీసరు, ఎప్పుడు నవ్వుదామా అన్నట్టుండే మొహం. రెండో ఆవిడ జుట్టంతా నెరిసిన ఇంజినీరమ్మ, ఎందుకు నవ్వాలి అన్నట్టుండే మొహం. మొహాలు చూసి హడలిపోయే రకం కాదు బ్రేకమ్మ. కుర్చీ లాక్కుని, పైట సర్దుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఇంజినీరమ్మ కొన్ని బొమ్మలు బల్ల మీద పరిచింది. ఒక్కోదాంట్లో ఒక లిఫ్టు, ఒక మనిషి. మనిషెక్కడున్నాడో వాకీటాకీలో చెప్పినట్టు చెప్పమంది. ఇక్కడ ఇంగ్లీషు బాగా రాకపోయినా ఫరవాలేదట గానీ ఈ చిన్న ముక్కలు మాత్రం తప్పకూడదట. ఒకసారి ఎవరో ఆన్‌కి బదులు ఇన్ అన్నారని, లోపల ఎవరో ఇరుక్కున్నారనుకుని లిఫ్టు కదిపేశారట. నెత్తి మీదున్నవాడు వెంట్రుకవాసిలో బతికి బయటపడ్డాడట.

"మ్యాన్ ఇన్ కార్" అంది బ్రేకమ్మ మొదటి బొమ్మ చూసి. లిఫ్టు పెట్టెని ఆ పనివాళ్లు కార్ అనే అంటారు. "మ్యాన్ ఆన్ కార్. మ్యాన్ అండర్ కార్. దిస్ మ్యాన్ ఎట్ డోర్. దిస్ మ్యాన్…" అని ఆఖరి బొమ్మ కళ్ల దగ్గరికి తెచ్చుకుని, "అండర్ కార్, బట్ స్విచ్ నాట్ ఆఫ్. వెరీ ఫూల్ మ్యాన్" అంది.

ఆఫీసరు పగలబడి నవ్వాడు. ఇంజినీరమ్మ నవ్వలేదు గానీ బొమ్మలు తీసేస్తూ తలాడించింది. తర్వాత పని గురించి అడిగారు. ఐ వర్క్ ఎట్ లిఫ్ట్ షాప్, ఐ వర్క్ ఫర్ కాంట్రాక్టర్, ఐ వర్క్ ఆన్ లిఫ్ట్స్ అని ఎక్కడా తొట్రు పడకుండా చెప్పింది. ముళ్లన్నీ ఎక్కడివక్కడ పడ్డాయి.

అప్పుడు ఆఫీసరు కాగితం చూసి, హెల్పరంటున్నారు కదా, అయితే మీ ఆయన అండర్ పనిచేస్తారన్నమాట, అనడిగాడు.

విత్ అనాలని నాలిక చివర పెట్టుకునే ఉంది ఆవిడ. కానీ ఆ అండర్ అన్న మాట చెవిన పడగానే ఇందాకటి బొమ్మలే కళ్ల ముందు నిలిచాయి. గుంత, గుంతలో మనిషి, ఆ మనిషి నెత్తి మీద లిఫ్టు. నేను గుంతలో ఉండటమేమిటి? ఈయనకి పని గురించి ఎవరో తప్పు చెప్పారు, పాపం, అనుకుంది.

"నో సర్" అంది మర్యాదగా. "హి వర్క్స్ అండర్ మీ."

ఆఫీసరు ఈసారి నవ్విన నవ్వుకి బల్ల మీద కప్పులు గలగలలాడాయి. ఎందుకు నవ్వుతున్నాడో బ్రేకమ్మకి అర్థం కాలేదు. నమ్మడం లేదేమోనని చేతులతో సహా వివరించింది. "ఐ యామ్ ఇన్ మెషీన్ రూమ్. టాప్. హి ఈజ్ డౌన్, అండర్. మై హ్యాండ్ ఈజ్ ఆన్ ద స్విచ్. హి సేస్ అప్, ఐ సే అప్, దెన్ ఐ మూవ్. హి సేస్, ఐ నాట్ హియర్, ఐ డోంట్ మూవ్."

ఇంజినీరమ్మ ముందుకి వంగింది. అతను కోప్పడితే, అనడిగింది.

"హి ఈజ్ ఆల్వేస్ యాంగ్రీ, మేడమ్. ఐ డోంట్ మూవ్."

అంతే, ఇంజినీరమ్మ కూడా నవ్వేసింది. మెప్పు కూడా కలిసిన నవ్వది. ఇక చాలు, బయట కూర్చోండి, మీ ఆయన్ని పంపండి అన్నారు.

బయట మొగుడు చెప్పులు అరిగేలా పచార్లు చేస్తున్నాడు. "ఏం అడిగారు? ఏం చెప్పావ్? లోపల ఆ నవ్వులేంటి?"

ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతూ ఉండగానే, ఆఫీసరు అడిగిన అండర్ ఏ అండరో ఆవిడకి వెలిగింది. మొగుడి మొహం కందగడ్డలా అయింది.

"నేను నీ కింద పనిచేస్తున్నానని చెప్పావా? వాళ్లతో? కొంప ముంచావు కదే! రెండూ పోయాయి, నీదీ పోయింది, నాదీ పోయింది!"

"నేను బొమ్మల్లో అండర్ అనుకున్నానండీ…"

జవాబు వినకుండానే అతను లోపలికెళ్లాడు. ఆ విసురుకి తలుపు గోడకి తగిలి వెనక్కొచ్చి, పూర్తిగా పడకుండా జానెడు సందుతో ఆగింది. బ్రేకమ్మ ఆ సందు పక్క కుర్చీలోకి జరిగింది. పరాయివాళ్ల మాటలు వినడం తప్పే గానీ, ఇవి పరాయివాళ్ల మాటలు కావు. ఇప్పుడతను మై వైఫ్ వర్క్స్ అండర్ మీ అన్నాడంటే ఆవిడ బతుకు పసుపు బోర్డు దగ్గరే. ఆ వాక్యం వారం నుంచీ స్నానాల గదిలో కూడా బట్టీ పడుతున్నాడు.

బొమ్మలయ్యాయి. ఐ వర్క్ ఆన్ లిఫ్ట్స్ అయింది. ఆఫీసరు గొంతులో నవ్వు మళ్లీ తొంగిచూసింది. మీరు తన అండర్ పనిచేస్తారని మీ ఆవిడ చెప్పింది, నిజమేనా, అనడిగాడు.

ఎప్పుడూ పదం కోసం వెతుక్కోని మనిషి, అరవడానికైనా సరే ఆలోచించని మనిషి, కుర్చీలో అటూ ఇటూ కదలడం బయటికి వినపడింది.

"అండర్… నో సర్" అన్నాడు. బ్రేకమ్మ కళ్లు మూసుకుంది.

"ఐ వర్క్… ఐ వర్క్…" అని రెండుసార్లు మొదలుపెట్టి ఆగాడు. అక్కడ ఏ ముక్క పెట్టాలో తేల్చుకోకుండా ముందుకి పోనివ్వదు ఆ భాష. "ఐ వర్క్ ఇన్ హర్ హ్యాండ్, సర్."

విత్ హర్ అనా మీ ఉద్దేశం, అని ఇంజినీరమ్మ మెల్లిగా సాయం చెయ్యబోయింది.

"నో మేడమ్. విత్, మెనీ పీపుల్. ఐ వర్క్ విత్ ఎలక్ట్రీషియన్, విత్ పెయింటర్. ఇన్ హ్యాండ్, ఓన్లీ హర్." అతని గొంతు పెరిగింది, లిఫ్టు గుంతలోంచి పైకి అరిచేటప్పుడు పెరిగినట్టే. "వన్ టైమ్ వైఫ్ ఫీవర్. వన్ వీక్. కాంట్రాక్టర్ గివ్ అదర్ మ్యాన్. ఐ గో, ఐ సీ హిమ్, ఐ నాట్ గో డౌన్. ఐ టెల్ బ్యాక్ పెయిన్. లై, మేడమ్. నో బ్యాక్ పెయిన్. ఐ ఫియర్."

బయట బ్రేకమ్మ సందు దగ్గరికి ఇంకాస్త వంగింది. భయమన్న మాట ఏ భాషలోనూ ఆ మనిషి నోట రాగా ఆవిడ వినలేదు.

అయితే మీ ఆవిణ్ని మేమేమని తీసుకోవాలి, అని అడిగింది ఇంజినీరమ్మ.

"మెకానిక్!" అన్నాడతను. దరఖాస్తులో హెల్పరని రాసింది ఎవడో పనికిమాలినవాడన్నంత విసుగ్గా అన్నాడు.

మరి హెల్పరు, అన్నాడు ఆఫీసరు.

"యు గివ్ వన్ హెల్పర్, సర్. ఫర్ అస్."

కాసేపటికి ఇద్దర్నీ కలిపి లోపలికి పిలిచారు. ఇద్దరూ మెకానిక్కులే అన్నారు. మొదట్లో కొంతకాలం పని చూస్తామని, మెషీన్ రూము తాళం మాత్రం ఆవిడ దగ్గరే ఉంటుందని ఇంజినీరమ్మ కొట్టికొట్టి చెప్పింది. ఆఫీసరు లేచి ముందు బ్రేకమ్మకే దణ్ణం పెట్టాడు. ఆవిడ తల ఎత్తుకునే ఆ దణ్ణం అందుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆ రోలర్ల మోత ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు. వీధిలోకి వచ్చాక, జనం కాస్త పల్చబడ్డాక, అతనే గొంతు సవరించుకున్నాడు.

"ఇంతకీ ఇన్ తప్పా?"

"మీ చెల్లెలు వింటే తప్పే అంటుంది."

"అనుకున్నా. ఆ ఇంజినీరమ్మ మొహం అదోలా పెట్టింది."

ఇంకో నాలుగడుగులు వేశాక ఆవిడ నిలబడిపోయింది. "ఆ వారం ఒళ్లు కాలిపోతున్నా లేచి కూచుని మీ నడుముకి మందు రాశానండీ నేను! పొద్దునా సాయంత్రం!"

"రాశావు. హాయిగానే ఉండేది."

"సిగ్గు లేకపోతే సరి! భయమేసిందని నాతో ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేది?"

అతను ఆవిడ వైపు చూడలేదు. ఎదురుగా వస్తున్న బస్సుని చూస్తూ అన్నాడు.

"చెబితే ఆ జ్వరంతోనే లేచి పనికి వచ్చేదానివి."